నైలాన్ తొడుగు చింపిన రోజు

టీవీలో మాట వినబడుతోంది, బొమ్మ లేదు. నిన్న సాయంత్రం నుంచీ ఇదే వరస. నల్లటి తెర వెనక నుంచి ఎవరో అమ్మాయి నిష్ ఊళ్ళో మధ్యాహ్నానికి మంచు పడుతుందని చెబుతోంది. స్తమెనా ఆ తెర ముందే కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని మరీ వింటోంది.

"స్క్రూడ్రైవర్ పెట్టి కెలికితే ఏదైనా బతుకుతుందా?" అంది, వంటింట్లో ఉన్న కోడలికి వినబడేలా.

కోడలు నెవెనా చేపముక్కలకు పిండి అద్దుతోంది. నిన్నటి నుంచి ఈ మాట అనడం ఇది ఏడోసారి. మొదటిసారికి కోపం వచ్చింది, మూడోసారికి ఏడుపు వచ్చింది, ఇప్పుడు లెక్కపెట్టడం ఒక్కటే మిగిలింది.

సరిగ్గా ఏడాది కిందట, ఇదే నికోలా పండుగ రోజున, అంటే ఈ ఇంటిని కాచే పునీతుడి పండుగ నాడు, అల్లుడు బ్రాతిస్లావ్ ఆ టీవీని రెండు చేతుల్తో మోసుకొచ్చి ఈ గోడకి ఆనించాడు. కొత్తదేనన్నాడు, అట్టపెట్టె పెద్దదైపోయి కారులో పట్టలేదన్నాడు. అల్లుడు తెచ్చిన వస్తువుకి రసీదు అడిగే ఇల్లు కాదు ఇది. స్తమెనా దాన్ని నెత్తిన పెట్టుకుంది. కింద తను అల్లిన లేసు గుడ్డ పరిచింది. రిమోట్‌ని నైలాన్ తొడుగులో పెట్టి, చివర రబ్బరు బ్యాండు వేసి, తను తప్ప ఎవరూ నొక్కకూడదంది. అలాంటి టీవీ వెనక మూతని ఏప్రిల్‌లో నెవెనా విప్పింది. డిసెంబర్‌లో అది కన్నుమూసింది. స్తమెనా దృష్టిలో ఇక విచారణకు మిగిలిందేమీ లేదు.

పోయింది టీవీ ఒక్కటే అయితే నెవెనా కూడా నోరు మూసుకుని భరించేదే. కానీ ఆ టీవీతో పాటు కింద గది కూడా పోయేలా ఉంది.

వీధివైపు తలుపున్న గది అది. మామగారు రదిసావ్ ఊళ్ళోని టీవీల కార్ఖానాలో ఇరవై ఆరేళ్ళు పనిచేసి, అది మూతపడ్డాక ఆ గదిలోనే రిపేరు షాపు నడిపాడు. చేతులు వణకడం మొదలయ్యాక తాళం వేసి, తాళంచెవిని గొలుసుతో నడుముకి తగిలించుకున్నాడు. ఈ పండుగకి చుట్టాలందరి ముందూ రొట్టె విరిచాక, అది ఎవరికిచ్చేదీ చెబుతానన్నాడు. బెట్టింగ్ షాపు రెండో శాఖ పెట్టుకోవడానికి అల్లుడికి ఆ గది కావాలి. నెవెనాకి తన బల్ల వేసుకోవడానికి కావాలి. పెద్ద దుకాణంలో ఎనిమిదేళ్ళు టీవీలు బాగుచేసిన మనిషి, ఆ దుకాణం ఎత్తేశాక వంటింటి బల్ల మీద, అందరూ తిని లేచిన తర్వాత పని చేసుకుంటోంది. ఇంట్లో టీవీనే చంపుకుందన్న పేరు పడితే, ఊళ్ళోవాళ్ళ టీవీలు ముట్టుకోవడానికి గది ఎవరిస్తారు?

పది గంటలకి భర్త సినిషా గ్లాసులు తుడవడానికి వంటింట్లోకి వచ్చాడు. నెవెనా తలుపు దగ్గరగా వేసింది.

ఏప్రిల్‌లో మూత విప్పినప్పుడు తను చూసింది అప్పుడు చెప్పలేదని, ఇప్పుడు చెబుతున్నానని మొదలుపెట్టింది. గాలి ఆడే కంతల నిండా గోధుమరంగు జిడ్డు ఉందట, వేలికి అంటుకుని వదల్లేదట. అది సిగరెట్ పొగ పట్టిన జిడ్డు. ఈ ఇంట్లో మామయ్య పదిహేనేళ్ళ కిందటే మానేశాడు, ఇంకెవరూ కాల్చరు.

సినిషాకి విషయం అర్థమైంది. అర్థమైనందుకే గ్లాసు కింద పెట్టేశాడు.

"ఇవాళొద్దు నెవెనా. ఇంటి పండుగ పూట గడప తొక్కినవాణ్ణి మాట అన్నామంటే నాన్న తల ఎత్తుకోలేడు. రేపు చెబుదాం."

"రేపటికి తాళంచెవి వాడి జేబులో ఉంటుంది."

సినిషా మళ్ళీ గ్లాసు అందుకున్నాడు. అతను మంచివాడే. ఆ మంచితనం చూస్తే ఒక్కోసారి నెవెనాకి ఒళ్ళు మండుతుంది.

మధ్యాహ్నానికి మంచు మొదలైంది. చుట్టాలూ మొదలయ్యారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు గుమ్మం దగ్గరే ఉడికించిన గోధుమలు ఒక చెంచా నోట్లో వేసుకుని, శిలువ గీసుకుని, లోపలికి నడిచారు. బల్ల మీద పొడవాటి కొవ్వొత్తి వెలుగుతోంది. ఉపవాస దినాల్లో వచ్చే పండుగ కాబట్టి మాంసం లేదు. చేపల వేపుడు, కుండలో వండిన చిక్కుడు గింజలు, బియ్యం కూరిన క్యాబేజీ చుట్టలు. రదిసావ్ తెల్ల చొక్కా, నల్ల కోటు వేసుకుని బల్ల తలవైపు నిలబడ్డాడు. ఇవాళ ఇంటి యజమాని కూర్చోడు. చివరి అతిథి లేచిందాకా నిలబడే వడ్డిస్తాడు.

కుమ్ తోజా, అంటే ఈ ఇంటి పిల్లల జ్ఞానస్నానానికి తండ్రిగా నిలబడ్డ పెద్దమనిషి, భార్య రోసాండాతో వచ్చి కిటికీ పక్క చోటు పట్టుకున్నాడు. ఆఖర్న బ్రాతిస్లావ్ వచ్చాడు. వెనకే అతని భార్య, ఈ ఇంటి ఆడపడుచు లూబింకా. కొత్త కోటు వేసుకుంది, వదినని చూసి తల మాత్రం ఆడించింది. టీవీ పోయిందని తెలిసి నిన్న ఫోన్‌లో "నీ పాండిత్యం మా ఆయన తెచ్చిన వస్తువు మీదే చూపించాలా వదినా?" అన్నది ఈమే.

బ్రాతిస్లావ్ నల్లటి తెర వంక చూసి, నిట్టూర్చి, అత్తగారి చెయ్యి పట్టుకున్నాడు.

"బాధపడకండి అత్తయ్యగారూ. కారులో ఇంకోటి తెచ్చాను. ఇంతకంటే పెద్దది, డెబ్బై అయిదు అంగుళాలు. గోడంతా అదే."

స్తమెనా కళ్ళు చెమర్చాయి. ఇలాంటి అల్లుడు ఏ ఇంటికైనా ఉంటాడా అని రోసాండాకేసి చూసింది.

భోజనాలు సాగాయి. వద్దన్నా ఆ టీవీ ఊసే మళ్ళీ మళ్ళీ వచ్చింది. ఈ పల్చటి టీవీలకి ఆయుష్షు లేదని, మూడేళ్ళు బతికితే గొప్పని బ్రాతిస్లావ్ అందరికీ వివరించాడు. పాతకాలం వస్తువులు కావు ఇవి, వాడాలి, పారెయ్యాలి, పెద్దది కొనాలి. అంతే లెక్క అన్నాడు.

"అదీగాక తెలియనివాళ్ళు మూత విప్పితే మూడేళ్ళు కాస్తా ఒక ఏడాది అవుతుంది," అని నెవెనా వైపు తిరిగి నవ్వాడు. "అక్కగారి మీద నాకేం కోపం లేదు లెండి. నేర్చుకోవాలని సరదా పడ్డారు."

సినిషా ప్లేటులోని ముల్లు తీస్తూ ఉండిపోయాడు. నెవెనా చేతిలో రొట్టెల పళ్ళెం ఉంది. దాన్ని బల్ల మీద పెట్టడానికి ఆమెకి కాస్త సమయం పట్టింది.

రదిసావ్ వైన్ కూజా పట్టుకుని నిలబడి ఉన్నాడు. కూజా కింద పెట్టి నెవెనా వైపు తిరిగాడు.

"కోడలా, నాకొకటి చెప్పు. నేను చేతులారా బిగించిన టీవీ కింద గదిలో ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళయింది, ఇప్పటికీ బొమ్మ వస్తుంది. ఈ పల్చటివి నిజంగా ఎన్నేళ్ళు బతకాలి?"

ఇన్నేళ్ళలో పని గురించి మామగారు తనని అడిగిన మొదటి ప్రశ్న ఇది. నెవెనా పైట కొంగు ఉన్న మనిషి కాదు గానీ, ఉంటే ఈ క్షణాన బిగించుకునేదే. ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంది.

"వీటికి ఏళ్ళు కాదు మామయ్యా, గంటలు లెక్క. తెర వెనకాల చిన్న దీపాల పట్టీలుంటాయి. ముందు అలిసిపోయేవి అవే. వెలుగు సగానికి తగ్గించి ఇంట్లో వాడుకుంటే పదేళ్ళు ఎక్కడికీ పోవు. మిట్టమధ్యాహ్నం ఎండలా మండించి పొద్దస్తమానం వదిలేస్తే, మూడు నాలుగేళ్ళకే కాలిపోతాయి."

"మరి ఇది చచ్చిపోయినట్టేనా?"

"బొమ్మ బతికే ఉంది. దీపాలే ఆరిపోయాయి. టార్చి వేసి పక్కనుంచి చూస్తే కనబడుతుంది."

రదిసావ్ తల ఊపాడు. కార్ఖానాలో ప్రతి టీవీనీ పెట్టెలో పెట్టేముందు అరల మీద వరసగా నిలబెట్టి గంటల తరబడి మండించేవాళ్ళు. ఏది ఎన్ని గంటలు నిలబడిందో అతనే చీటీ మీద రాసేవాడు.

"మేం చీటీలు రాసేవాళ్ళం. దీని గంటలు ఎవరు రాశారు?"

"అదే రాసుకుంటుంది మామయ్యా. లోపల దాచుకుంటుంది."

బ్రాతిస్లావ్ ఫోర్కు చేప మీదే ఆగింది. అది చూసింది లూబింకా ఒక్కతే.

స్తమెనా కల్పించుకుంది. పండుగ పూట ఈ పంచాయితీ ఎందుకు, అల్లుడు తినేవేళ అని గొణిగింది. రదిసావ్ భార్య మాట ఎప్పుడూ తీసెయ్యడు. ఇవాళ తీసేశాడు. అల్లుణ్ణి నేనేమీ అడగడం లేదే, నా గోడకున్న టీవీ వయసు నేను అడుగుతున్నాను, దీంట్లో అతిథికి వచ్చిన లోటేమిటి అన్నాడు.

స్తమెనా చేపల పళ్ళెం అల్లుడి వైపు జరిపింది.

సినిషా లేచి కర్టెన్లు మూశాడు. పొద్దున్నుంచి అతను తనంతట తాను చేసిన పని అదొక్కటే. నెవెనా సొరుగులోంచి టార్చి తీసి మామగారి చేతికిచ్చి, రిమోట్ అందుకుంది. లోపలి లెక్క చూపించాలంటే కొన్ని బొత్తాలు ఒకదాని వెనక ఒకటి చకచకా నొక్కాలి. నైలాన్ మీద వేలు జారింది. రెండోసారీ జారింది.

"అత్తయ్యా, ఈ తొడుగు..."

స్తమెనా లేచి వచ్చింది. అందరూ ఆమె వద్దంటుందనే అనుకున్నారు. ఆమె కోడలి చేతిలోంచి రిమోట్ లాక్కుని, రబ్బరు బ్యాండు పీకి, ఏడాదిగా గీత పడకుండా కాపాడుకున్న నైలాన్‌ని పళ్ళతో పట్టి చర్రున చింపింది.

"నొక్కు. నీ నిర్వాకం అందులోనే రాసి ఉంటుంది. అందరూ చూస్తారు."

నెవెనా నొక్కింది.

రదిసావ్ తెరకి పక్కగా ఒంగి టార్చి వేశాడు. నలుపు వెనక ఏవో అక్షరాలు లీలగా తేలాయి. తోజా కూడా కుర్చీ జరుపుకుని వచ్చాడు. చేతి వణుకుకి వెలుగు అటూ ఇటూ ఊగుతుంటే, స్తమెనా భర్త మణికట్టు పట్టుకుని స్థిరంగా ఉంచింది.

"ఇరవై నాలుగు వేల మూడు వందల పది," చదివాడు రదిసావ్.

"గంటలేనా?" అంది స్తమెనా.

"గంటలే."

"ఏడాదికి ఎన్నుంటాయి గంటలు?"

రదిసావ్ ఆలోచించనక్కర్లేదు. ఆ అంకె అతనికి కార్ఖానా రోజుల నుంచీ కంఠతా వచ్చు. రాత్రీ పగలూ ఒక్క క్షణం ఆర్పకుండా వెలిగించినా ఏడాదికి ఎనిమిది వేల ఏడు వందల అరవై. అంతకు మించి దేవుడు కూడా ఇవ్వలేదు అన్నాడు. స్తమెనా రోజుకి చూసేది ఎనిమిది గంటలు. మిగతావన్నీ ఈ ఇంటి గుమ్మం ఎక్కక ముందువి.

స్తమెనా భర్త మణికట్టు వదల్లేదు. తనలో తను ఏదో కూడుకుంటున్నట్టు పెదవులు కదిలాయి.

"మొదట్నుంచీ తెర మీద గీతలు ఉండేవి," అంది చివరికి. "పూజారి తెల్లబట్టలు వేసుకుంటే ఆ బట్టల మీద, మంచు చూపిస్తే మంచు మీద, నిలువుగా మూడు గీతలు. అల్లుడు సిగ్నల్ అన్నాడు. నేనే నెవెనాని అడిగాను, కాస్త చూడమ్మా అని. నేనే అడిగాను. ఏప్రిల్‌లో మూత విప్పమన్నది నేనే."

ఆ మాట ఆమె నోటివెంట వస్తుందని నెవెనా కలలో కూడా అనుకోలేదు.

తోజా మీసం దువ్వుకుంటూ తెరకి ఇంకా దగ్గరగా జరిగాడు. "మూడు వరసలా? అయితే ఒకటి, ఇక్స్, రెండు," అన్నాడు. "ఇంటి జట్టు గెలుపు, సమానం, బయటి జట్టు గెలుపు. మన బ్రాతిస్లావ్ బెట్టింగ్ షాపులో కిటికీ పక్క తెర మీద పొద్దున ఎనిమిది నుంచి అర్ధరాత్రి దాకా అవే మూడు వరసలు. అలా కదలకుండా ఏళ్ళ తరబడి ఉంటే అద్దం మీద ముద్ర పడిపోదూ? పోయిన డిసెంబర్‌లో అవన్నీ మార్చేశాడు కూడానూ. పాతవి ఏం చేశావోయ్ అని నేనే అడిగాను."

"మీరు అక్కడికి వెళ్ళేది చదరంగం ఆడటానికి కదా?" అంది రోసాండా, చాలా మర్యాదగా.

తోజా మొహం చూసి మొదట సినిషా నవ్వాడు. తర్వాత ఒక్కొక్కరూ నవ్వారు, రోసాండా తప్ప. ఆ నవ్వు బ్రాతిస్లావ్ కుర్చీ దాకా వెళ్ళి ఆగిపోయింది.

అతను మొహం తుడుచుకున్నాడు. ఏదో చెప్పబోయాడు. రదిసావ్ చెప్పనివ్వలేదు. బల్ల దగ్గరకు వచ్చి, అల్లుడి గ్లాసు అంచుదాకా నింపి, పళ్ళెంలో అన్నిటికంటే పెద్ద చేపముక్క ఏరి అతని ముందు పెట్టాడు.

"తిను అల్లుడూ. ఇవాళ నువ్వు అతిథివి. కారులో ఇంకోటి ఉందన్నావుగా, పైకి తెప్పించు. అభిమానంగా తెచ్చిన వస్తువు మంచులో ఉండకూడదు. కోడలు దాని వయసు కూడా అడిగి పెడుతుంది."

"చలిలో ఉంది మామయ్యగారూ. లోపల చెమ్మ పడుతుంది. వెంటనే వెలిగించకూడదు."

"అది నిజమే మామయ్యా," అంది నెవెనా. "రెండు గంటలు ఆగాలి."

"ఆగుదాం. పండుగేగా, ఎవరికి తొందర?"

బ్రాతిస్లావ్‌కి తొందర వచ్చింది. షాపు నుంచి ఫోన్ వచ్చిందన్నాడు. ఆ ఫోన్ మోగడం ఎవరూ వినలేదు. కోటు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడి భార్యని పిలిచాడు. లూబింకా ఖాళీ పళ్ళేలు ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది.

"మీరు వెళ్ళండి. నేను వదినకి సాయం చేసి వస్తాను."

పదేళ్ళలో ఆమె ఈ ఇంట్లో ఒక పళ్ళెం ఎత్తడం నెవెనా చూడలేదు.

కర్టెన్లు తీశారు. మంచు వెలుగు గదంతా పరుచుకుంది. రదిసావ్ రొట్టె చేతిలోకి తీసుకున్నాడు, సినిషా, తోజా తలో వైపు పట్టుకుని తిప్పారు, వైన్ పోసి విరిచారు. విరిచిన ముక్క బల్ల మీద పెట్టి రదిసావ్ నడుముకున్న గొలుసు విప్పాడు. పెద్ద ఉపన్యాసం ఏదో ఇస్తాడనుకున్నారు.

"టీవీల గదిలో టీవీలే ఉండాలి," అన్నాడు. అంతే. తాళంచెవి నెవెనా అరచేతిలో పెట్టి, ఆమె వేళ్ళు తనే మూశాడు.

నెవెనాకి సంతోషం ఆగలేదు. ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో ఎవరూ చెప్పని మెప్పు, ఏడాదిగా వంటింటి బల్ల మీద పడిన అవస్థ, నిన్నటి నుంచి విన్న ఏడు మాటలు అన్నీ కలిసి కళ్ళల్లోంచి కారాయి. తుడుచుకోలేదు. తాళంచెవి ఉన్న పిడికిలి గుండెకి ఆనించుకుని అందరి ముందూ ఏడ్చింది, నవ్వింది. సినిషా పక్కకి వచ్చి నిలబడ్డాడు. రేపటిదాకా ఆగమన్నాను, నన్ను తిట్టు అన్నాడు. రేపు తిడతాను, ఇవాళ పండుగ అంది.

స్తమెనా క్షమించమని అనలేదు. అలాంటి మాటలు ఆమెకి అలవాటు లేవు. చింపిన నైలాన్ ముక్కని మోకాలి మీద పెట్టి సాపు చేస్తూ, తన కుర్చీలోంచే అడిగింది.

"ఇప్పుడు నాకు ఏ టీవీ కొంటావు?"

నెవెనా ఆమె కుర్చీ నుంచి గోడ దాకా అడుగులు వేసింది. నాలుగు అడుగులు. ఇంత గదికి యాభై అంగుళాలు చాలత్తయ్యా, డెబ్బై అయిదు పెడితే మెడ నొప్పి తప్ప ఒరిగేదేమీ లేదంది. దుకాణంలో వాళ్ళు కళ్ళు మిరుమిట్లు గొలిపేలా వెలుగు పెంచి ఉంచుతారు, దాన్ని చూసి మనసు పారేసుకోవద్దంది. విప్పి దీపాలు మార్చుకోగలిగే రకం చూద్దాం. తేదీ వేసిన రసీదు తీసుకుందాం. డబ్బిచ్చే ముందు అక్కడే గంటలు చూద్దాం, పరీక్షకి వెలిగించిన నాలుగైదు గంటలకి మించి ఒక్కటి ఎక్కువున్నా తిరిగి వచ్చేద్దాం. ఇంటికొచ్చాక వెలుగు తగ్గించే పని తనదంది. స్తమెనా అన్నీ శ్రద్ధగా వింది.

"రిమోట్‌కి తొడుగు వేసుకోవచ్చా?"

"వేసుకోండి అత్తయ్యా. మీ ఇష్టం."

స్తమెనా తృప్తిగా తల ఊపి, సోమవారం పొద్దున్నే వెళ్దామంది. ఇద్దరం, అని మళ్ళీ అంది.

తోజా, రోసాండా మాటా మాటా అనుకుంటూ వీధి మలుపు తిరిగారు. రదిసావ్ ఎట్టకేలకు కూర్చున్నాడు. నెవెనా టార్చి తీసుకుని కిందకి దిగింది.

తాళం బిగుసుకుపోయింది. రెండు చేతుల్తో తిప్పితే వచ్చింది. దుమ్ము, సోల్డర్ వాసన, వీధి కిటికీ మీద మంచు. అర మీద మామగారి ముప్పై ఒక్క ఏళ్ళ టీవీ పెద్ద పొట్టతో కూర్చుని ఉంది. పక్కన బల్ల. నెవెనా అరచేత్తో బల్ల మీద దుమ్ము తుడిచింది. ఒక చివర నుంచి ఇంకో చివర దాకా, నిదానంగా. ఇక భోజనాలు అయ్యేదాకా ఆగక్కర్లేదు.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. లూబింకా. చేతులు తడిగా ఉన్నాయి, కోటు వేసుకోలేదు. గుమ్మం బయటే నిలబడింది, లోపలికి రావడానికి అనుమతి కావాలన్నట్టు.

నిన్నటి ఫోన్ మాటకి ఏదో చెప్పబోతోందని నెవెనా అనుకుంది. పర్వాలేదులే అనడానికి సిద్ధపడింది.

"వదినా," అంది లూబింకా. "పదేళ్ళుగా మా ఇంట్లో ప్రతి వస్తువూ ఆయన తెచ్చిందే. ప్రతిదీ కొత్తదనే చెప్పాడు."

చెయ్యి చాపింది.

"ఆ టార్చి ఒకసారి ఇస్తావా?"